సిరసి సీమలో నొక యుపన్యాసము

మన దేశమున సంస్కరణోద్యమములన్నియు నుపన్యాసములతోడనే ప్రారంభమైనవి. స్త్రీవిద్యయు, వితంతు వివాహమును, అస్పృశ్యతా నివారణమును, మద్యపాన నిషేధమును, వీనిలో నేదియు నొక వక్త యొక యూరికి వచ్చి, నలుగురిని గూర్చుండబెట్టి మాటలాడనిదే మొదలైనది కాదు. అయినను ఉపన్యాసములను గూర్చి మనలో రెండు విధములైన యభిప్రాయములు ప్రబలియున్నవి. మాటలు కోటలు దాటును గాని చేతలు గడప దాటవని కొందఱు వానిని బరిహసింతురు. మఱికొందఱు వక్తకే సమస్త మహిమను గట్టిపెట్టి, యతడు వచ్చినందున నే యూరు మేలుకొనెనందురు. ఈ రెండభిప్రాయములును సత్యమునకు దూరమైనవే. వక్త యొక దినముండి పోవును, ఊరు మిగులును. వినిన మాటతో నా యూరు తరువాత నేమి చేసెనన్నదే చరిత్రమునకు గావలసిన విషయము. దీనికి దృష్టాంతముగా 1983లో కర్ణాటక దేశమునందలి ఉత్తర కన్నడ జిల్లాలో, సిరసి ప్రాంతమున జరిగిన యొక వృత్తాంతమును విచారింతము.

ఆ వక్త సుందరలాల్ బహుగుణ. ఆయన 1927 జనవరి 9వ తేదిని హిమాలయములలోని టెహ్రీ సంస్థానమున జన్మించెను. పదుమూడేండ్ల ప్రాయముననే శ్రీదేవ సుమన్ అను గాంధేయుని శిష్యుడయ్యెను. ఆ సుమన్ సంస్థాన ప్రజల హక్కుల కొఱకు టెహ్రీ చెఱసాలలో 84 దినములు నిరాహారుడై 1944లో ప్రాణములు విడిచిన త్యాగి. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట బహుగుణ కొంతకాలము రాజకీయములందు బనిచేసెను. ఆయనను వానినుండి మరల్చినది యొక స్త్రీ. గాంధిమహాత్ముని యింగ్లీషు శిష్యురాలైన సరళాబెహన్ కౌసానిలో 1946లో బాలికల కొఱకు నెలకొల్పిన యాశ్రమమున విమల యను యువతి విద్య నేర్చి సేవ చేయుచుండెను. రాజకీయములను వదలి పల్లెలో నివసించి ప్రజలకు సేవచేయుటకు సమ్మతించినచో వివాహమాడుదునని యామె నియమము పెట్టెను. బహుగుణ యంగీకరించెను. 1956లో వివాహమయ్యెను. దంపతులు సిల్యారా యను పల్లెలో నాశ్రమము గట్టుకొని బాలబాలికలకు జదువు చెప్పుచు, మద్యపానమునకు వ్యతిరేకముగా గొండ స్త్రీలను గూడగట్టుచు గాలము గడపిరి. ఒక యుద్యమ నాయకుని జీవిత మార్గమును నిర్ణయించినది భార్య విధించిన నియమమని మన గృహములలో జదువుకొనుట మంచిది.

అడవులను గూర్చిన చింత ఆయనకు గ్రంథములవలన గలిగినది కాదు. గాంధిమహాత్ముని మఱియొక శిష్యురాలు మీరాబెహన్ 1947 తరువాత హిమాలయముల యడుగుననే నివసించి, యేటేట గంగకు వచ్చు వఱదలను జూచి, పై కొండలలో ఓకు వృక్షములు నశించి వాని స్థలమున పైను జాతికి జెందిన చీరు చెట్లు వ్యాపించుటయే దీనికి గారణమని 1950 తరువాతి యేండ్లలోనే వ్రాసి హెచ్చరించెను. ఓకు చెట్టు క్రింద నాకు కుళ్లి మెత్తని నేలయై వాననీటిని బీల్చుకొనును. చీరు చెట్టు క్రింద నేల యెండి నిప్పుకు లోబడును. ఆమె మాటను నాడు పాలకులు చెవిని బెట్టలేదు. 1970 జూలైలో అలకనందకు వచ్చిన మహాప్రవాహము పల్లెలను వంతెనలను గొట్టుకొనిపోయినప్పుడు గాని కొండప్రజలకు దాని సత్యము స్పష్టపడలేదు.

అటుపిమ్మటి కథ లోకమెఱిగినదే. గోపేశ్వరమున చండీప్రసాద్ భట్ ప్రభృతులు నడపుచుండిన దశోలి గ్రామ స్వరాజ్య సంఘము నాగళ్లు మొదలగు పనిముట్ల కొఱకు కొన్ని అంగూ చెట్లనడుగగా అటవీశాఖ నిరాకరించెను. ఆ చెట్లనే యాటవస్తువులు చేయు నొక దూరప్రాంతపు కంపెనీకి నప్పగించెను. 1973 ఏప్రిలులో మండల్ గ్రామమున జనులు గుమిగూడి, చెట్లను గౌగిలించుకొందుము గాని నఱకనీయమని నిలువగా కంపెనీవారు మరలిపోయిరి. 1974 మార్చి 26వ తేదిని రేణి గ్రామమున, పురుషులెవ్వరును లేని సమయము చూచి కూలివాండ్రు గొడ్డళ్లతో వచ్చినప్పుడు, గౌరాదేవి యను నిరక్షరాస్యయైన విధవ 27 మంది స్త్రీలతో నడవిలోనికి బోయి యడ్డునిలిచెను. ఈ యుద్యమమునకే చిప్కో యని పేరు వచ్చెను. హిందీలో దాని యర్థము అంటుకొనుట. బహుగుణ దీనికి వార్తాహరుడయ్యెను. 1981 మే నెలలో కాశ్మీరము నుండి బయలుదేఱి 1983 ఫిబ్రవరి నాటికి నాగదేశములోని కొహీమాకు, దాదాపు 4,870 కిలోమీటరుల దూరమును ఆయన నడచెను. త్రోవలో బడిపిల్లలకును, పల్లె స్త్రీలకును, అధికారులకును ఒకే విషయము చెప్పుచుండెను. అడవి ఫలము కలప గాదు. మన్నును, నీరును, గాలియు దాని ఫలములు. చెట్టు మనుష్యునకు ఆహారమును, పశువునకు మేతను, పొయ్యికి వంటచెఱకును, పొలమునకు ఎరువును, బట్టకు నారను ఇయ్యవలెను. వీని తరువాతనే వర్తకము. ఆ యుపదేశపు సారమంతయు నింతియే.

ఆ సంవత్సరముననే ఆయన దక్షిణమున సిరసి ప్రాంతమునకు వచ్చెను. ఊరక రాలేదు, పిలువగా వచ్చెను. పిలిచినవారెవరు, యేల పిలిచిరి యన్నది తెలిసికొనుటకు ఆ సీమను గొంచెము వర్ణింపవలసియున్నది.

ఉత్తర కన్నడ జిల్లా పడమటి కనుమలపై విస్తరించిన వనభూమి. కొండల నడుమ లోయలలో పోకతోటలు. పోకమ్రాకుల నల్లుకొని మిరియపు తీగెలు. వాని నీడలో నేలకి మొక్కలు. ఈ తోట తనంత తాను బ్రదుకునది కాదు. పైనున్న యడవినుండి దిగు నూటనీరే దానికి బ్రాణము. ఆ యడవి చెట్ల పచ్చియాకును గొట్టితెచ్చి పశువుల కొట్టములో బఱచి, పేడతో మ్రగ్గనిచ్చి తయారుచేసిన యెరువే దానికి నాహారము. ఇందుకై ప్రతి తోటకును కొంత యడవి యాకు కోసికొనుటకు విడువబడియుండును. దానిని వారు సొప్పినబెట్ట యందురు. కాబట్టి యడవి తోటకు దల్లివంటిదని యా రైతులకు నెవ్వరును బోధింపనక్కఱలేదు. తోటలు లేని కూలివాండ్రకును, గిరిజనులకును వెదురు, తేనె, వంటచెఱకు మొదలైనవి యడవినుండియే లభించుచుండెను.

ఈ యడవిపై హక్కు మాత్రము వారిది గాదు. 1862 వఱకు ఈ జిల్లా చెన్నపట్టణపు రాజధానిలోనిదై, తరువాత బొంబాయి రాజధానిలో జేరెను. 1878 అటవీ శాసనము వచ్చిన పిమ్మట యడవి సర్కారుసొత్తయ్యెను. ప్రజల వాడుకలు హక్కులు గాక దయాదానములయ్యెను. ఈ బాధ దేశమంతట నొకటియే. మన పల్నాటి ప్రజలు 1921లో పుల్లరి చెల్లింపమని సత్యాగ్రహము చేసినట్లే, 1930లో ఉత్తర కన్నడ ప్రజలును నటవీ శాసనములను ధిక్కరించి చెఱసాలలకు బోయిరి. స్వరాజ్యము వచ్చెను గాని యడవి యజమాని మాఱలేదు. 1950 తరువాత కాగితపు మిల్లును, ప్లైవుడ్డు కర్మాగారములును, కాళీనదిపై విద్యుత్తు కొఱకు గట్టిన యానకట్టలును వచ్చినవి. సహజారణ్యమును మొదలంట గొట్టి టేకు తోటలు వేయించిరి. జిల్లాలో నూటికి 81 పాళ్లుండిన యడవి 1980 నాటికి 24 పాళ్లకు దిగెనని ఉద్యమకారులు లెక్కచెప్పిరి. లెక్క యెట్లున్నను ఫలితము ఇంటింట గానవచ్చుచుండెను. ఏడాది పొడవున బాఱు నూటలు వేసవిలో నెండనారంభించినవి. అడవి విచ్చిన చోట్లనెల్ల పనికిరాని పిచ్చిమొక్కలు ముసరినవి. ఒక మహావృక్షమును మాత్రమే నఱకుటకు ననుమతి యిచ్చినను, అది కూలునప్పుడు ప్రక్కనున్న చెట్లను గూడ విఱుచుకొని పడుచుండెను. ఆ కలపను నీడ్చుకొనిపోవు దారిలో లేతమొక్కలు నలిగిపోవుచుండెను.

ఈ ప్రజలు నోరులేనివారును గారు. 1980 ప్రాంతమున బేడ్తి నదిపై నానకట్ట గట్టి తోటలను ముంచుటకు బ్రయత్నము జరిగినప్పుడు, పోకతోటల రైతుల సహకార సంఘము సిరసిలో విద్వాంసుల సభ గావించి, ఆ పథకమువలన లాభమెంత, నష్టమెంత యని తర్కబద్ధముగా విచారింపజేసెను. అనగా బహుగుణ వచ్చునప్పటికే అచ్చట దుఃఖము కలదు, అనుభవము కలదు, సంఘములు కలవు, వాదించు నేర్పును గలదు. లేనిదొక్కటియే. అర్జీలు పెట్టిరి, జవాబు లేదు. గొడ్డలి యడవిలో నుండగా నర్జీ కచ్చేరీలో నుండెను. గొడ్డలికిని చెట్టునకును నడుమ నిలుచు నుపాయము వారికి దోపలేదు.

ఇట్టి సమయమున నా ప్రాంతపు యువజన సంఘమువారు చిప్కో వార్తలను విని బహుగుణను రప్పించిరి. ఆ జిల్లాకు జెందిన పాండురంగ హెగ్డే యను యువకుడు ఢిల్లీలో సంఘసేవా విద్య నభ్యసించి, హిమాలయములకు బోయి చిప్కో కార్యకర్తలతో గలసి తిరిగి వచ్చినవాడు. ఆయన యా రెండు ప్రాంతములకును వంతెనయయ్యెను. బహుగుణ కన్నడమెఱుగడు. పోకతోట యాయన కొండలలో లేదు. అయినను వినువారి కాయన చెప్పిన కథ పరాయిదిగా దోపలేదు. ఊట యెండుట, వంటచెఱకు కొఱకు స్త్రీలు దూరము నడచుట, ఇంటికి జిక్కని కఱ్ఱ కంపెనీకి జిక్కుట, యివన్నియు నుభయత్ర సమానములే. కొత్తగా నాయన తెచ్చినది రెండు విషయములు మాత్రమే. మొదటిది, ఆయుధము పట్టక, ఎవ్వరిని గొట్టక, తమ శరీరమునే చెట్టునకు గవచముగా జేయు నుపాయము. రెండవది, నిరక్షరాస్యలైన స్త్రీలు దానిని జేసి గెలిచిరను సాక్ష్యము. సభ చప్పట్లతో ముగియలేదు. కూడినవారు చెట్లను గౌగిలించి రక్షించుకొందుమని ప్రతిజ్ఞ చేసిరి. సహస్రోపన్యాసములలో నీ యుపన్యాసము చరిత్రలో నిలుచుటకు గారణ మా ప్రతిజ్ఞయే.

ప్రతిజ్ఞకు బరీక్ష త్వరలోనే వచ్చెను. సాల్కణి గ్రామమునకు సమీపమున గళసె యను నడవిలో చెట్లు నఱకుటకు గూలివాండ్రు వచ్చిరను వార్త తెలిసెను. 1983 సెప్టెంబరు 8వ తేదిని సాల్కణి స్త్రీలును, పురుషులును, బాలురును నడచి యడవిలోనికి బోయి చెట్లను గౌగిలించుకొనిరి. ఆ నెలలో పడమటి కనుమలలో వాన యింకను వెనుదీయదు. అడవినేల తడిసి జలగలతో నిండియుండును. అట్టి కాలమున నొకనాడు గాదు, రెండునాళ్లు గాదు, 38 దినములు వంతులు వేసికొని కాపు గాచిరి. చెట్లు నఱకు కూలివాండ్రు పొట్టకూటికి వచ్చిన పేదలు; వారితో గలహింపలేదు. గొడ్డలి యెత్తిన చోట నొక మనుష్యుడు చెట్టునంటుకొని నిలిచినచో గూలివాని చేయి తానే దిగిపోవును. కడపట ప్రభుత్వము నఱకుడును నిలుపుటకు నాజ్ఞ యిచ్చెను. చిప్కో యను పరభాషాపదము స్థానమున వారు తమ మాట పెట్టుకొనిరి. అప్పికో యనగా గన్నడమున హత్తుకొనుమని యర్థము. అచ్చటినుండి యుద్యమము బెణగావ్, హుస్రి, నిడ్గోడు మొదలగు నితర వనములకు బ్రాకెను. కొన్నియేండ్లలోనే కర్ణాటక ప్రభుత్వము సహజారణ్యములలో పచ్చి చెట్లు నఱకుటను మానుకొనెను.

ఇంతవఱకు నిది జయకథ. కాని వివేకులైన పాఠకులు దీనియందలి రెండు సందేహములను గూడ విచారింపవలయును.

మొదటిది కీర్తి యెవరిదను ప్రశ్న. చిప్కో యనగానే బహుగుణ పేరును, ఆయన తెల్లని గడ్డమును లోకమునకు జ్ఞప్తికి వచ్చును. గోపేశ్వరమున సంఘము నిర్మించి, శిబిరములు నడపి, బోడికొండలపై మొక్కలు నాటించిన చండీప్రసాద్ భట్ పేరు అంత దూరము వ్యాపింపలేదు. గౌరాదేవి 1991లో పేదరాలుగానే మరణించెను. సంచరించు వక్త పేరు సంచరించును. ఊరిలో నిలిచి పనిచేయువాని పేరు ఊరిలోనే నిలుచును. ఇది యుపన్యాస యాత్రలకు సహజమైన లోపము. దీనికి వక్తను నిందించుట న్యాయము గాదు. 1981లో ప్రభుత్వమిచ్చిన పద్మశ్రీ బిరుదమును, హిమాలయములలో నఱకుడు నిలువలేదను కారణమున దిరస్కరించిన వాడాయన. కాని చరిత్రము వ్రాయువారును, జదువువారును వక్తను మాత్రమే చూచి శ్రోతలను మఱచుట తగదు. సాల్కణిలో 38 దినములు నిలిచినవారిలో బెక్కండ్ర పేర్లు మనకు దెలియవు.

రెండవ సందేహ మింతకంటె గంభీరమైనది. చెట్టును నఱకకుమను మాట ప్రజలనుండి పుట్టినప్పుడు రక్షణము. అదియే సర్కారు చేతిలో శాసనమైనప్పుడు, కొన్ని వేళల, ఆ ప్రజలకే సంకెల. హిమాలయ ప్రాంతమున 1,000 మీటరులకు పైనున్న పచ్చి చెట్లను నఱకరాదని 1981 ప్రాంతమున నిషేధము కలిగెను. అంతకు ముందే, 1980లో, అడవిభూమిని వేఱు పనులకు వినియోగించుటకు గేంద్ర ప్రభుత్వ మనుమతి కావలెనని శాసనము వచ్చియుండెను. కాని రోడ్డు వేయుటకు, బడి కట్టుటకు, నీటిగొట్టము వేయుటకు నడ్డమైన నాలుగు చెట్ల కొఱకు పల్లెవారేండ్లకొలది వేచియుండవలసి వచ్చెను. ఆ విసుగు ముదిరి 1988, 1989 సంవత్సరములలో నదే కొండప్రాంతమున చెట్లు నఱకుమను నుద్యమమే బయలుదేఱెను. చెట్లను గౌగిలించిన సీమలోనే చెట్లను గొట్టుమను కేక పుట్టుట చూచి నవ్వుట సులభము. కాని విచారించినచో దోషము ప్రజలది గాదు. అడవిని రక్షింపుమని వారడిగిరి. అడవిపై దమకు హక్కిమ్మనియు నడిగిరి. సర్కారు మొదటి మాటను మాత్రము విని రెండవ దానిని విడిచెను.

ఈ చోటనే సిరసి ప్రజల వివేకము ప్రశంసనీయముగ నున్నది. వారు వినిన యుపదేశమును వినినట్లే యప్పజెప్పుకొనలేదు; తమ జీవనమునకు దగినట్లు పెంచుకొనిరి. అప్పికో యుద్యమమునకు వారు మూడు పదములను సూత్రముగా నేర్పఱచుకొనిరి: ఉళిసు, బెళెసు, బళసు. కాపాడుము, పెంచుము, వాడుకొనుము అని వాని యర్థము. మూడవ పదమే ముఖ్యమైనది. ఆకును గోయకుండ తోట బ్రదుకదు. వంటచెఱకు లేక పొయ్యి వెలుగదు. వాడుకను నిషేధించు ధర్మమును బీదవాడాచరింపలేడు. కావున బోడినేలలపై మొక్కలు నాటిరి. తక్కువ కట్టెలతో నెక్కువ వేడినిచ్చు పొయ్యిలను ఇండ్లలో గట్టించి, అడవిపై భారమును, వంటయింటిలో స్త్రీల కన్నులకు బొగబాధను నొక్కమారే తగ్గించిరి. అడవి లోపలి పల్లెలకు బాదయాత్రలు చేసి, జానపద నృత్యములు, వీథినాటకములు ప్రదర్శించి, శ్రోతలైనవారే వక్తలైరి. 1987 నవంబరు మొదలు 1988 ఫిబ్రవరి వఱకు పడమటి కనుమల పొడవున నుత్తరమునుండియు దక్షిణమునుండియు నడచివచ్చి గోవాలో గలసికొన్న పెద్ద పాదయాత్ర యీ మేల్కొలుపునకు సహజమైన కొనసాగింపే.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు మరలుదము. బహుగుణ నడచిన వేలకొలది కిలోమీటరులలో నెన్నో యూళ్లున్నవి. ప్రతి యూరును సాల్కణి కాలేదు. వక్త యొక్కడే, మాట యొక్కటియే. ఆ మాట వ్రేలూనుకొన్న చోట మూడు విషయములుండెను. ఊరివారికి దమ దైన బాధ యుండెను. వక్తను బిలుచుటకును, పోయిన పిమ్మట పని నడపుటకును స్థానిక సంఘముండెను. సభ ముగియకమునుపే యొక ప్రతిజ్ఞ జరిగెను. వీనిలో నేది లేకున్నను ఉపన్యాసము వినోదమై పోయియుండును.

మన పట్టణములలోను, పల్లెలలోను బ్రతి సంవత్సరము జూన్ 5వ తేదిని పర్యావరణ దినోత్సవ సభలు జరుగుచున్నవి. అతిథి వచ్చును, దండ వేయుదురు, మొక్క నాటుదురు, ఛాయాపటము తీయుదురు. ఆ మొక్కకు మఱునాడు నీరుపోయువాడుండడు. అట్టి సభలను మానుమని చెప్పుట నా యుద్దేశము గాదు. సభకు బిలుచునట్టి వారు మొదట దమ యూరి చెఱువేమైనది, గట్టుమీది చెట్లెవరు కొట్టిరి, బావిలో నీరెంత లోతునకు బోయినది యని విచారించి, ఆ లెక్కను వక్త చేతికిచ్చి మాటలాడింపవలెను. సభ లేచునప్పటికి, నీరు పోయు వంతు లెవరివో, పోయిపోయి నిలదీసి యడుగవలసిన కచ్చేరీ యేదో, వ్రాసికొని లేవవలెను. గృహిణులు సభకు బ్రేక్షకులుగా గాక నిర్ణేతలుగా రావలెను. ఏలన నీటికడవయు, పొయ్యిలోని కట్టెయు వారి లెక్కలోనివి. సిరసి ప్రాంతము మనకు నేర్పునది యిదియే. 2021 మే 21వ తేదిని బహుగుణ తొంబదినాలుగేండ్ల వయస్సున గరోనా వ్యాధిచే మరణించెను. వక్త పోయినను, ఆయన మాటను దమ భాషలోనికి దెచ్చుకొన్న యూళ్లలో నా మూడు కన్నడ పదములు నేటికిని మిగిలియున్నవి.